రెస్ట్‌లో ఉన్న మనిషికి బుక్కు ఇవ్వకూడదు

నల్లమాడ దగ్గర మా నాయన సేద్యం చేసిన నాలుగెకరాల చేనుకు ఆనుకునే ఊరి శ్మశానం ఉంది. శెనక్కాయ పీకే రోజుల్లో మేము సమాధి గట్ల మీద కూర్చునే సద్ది తినేవాళ్లం. అందుకే దయ్యాల కథలు చెప్పి నన్ను భయపెట్టబోయిన వాళ్లందరూ నవ్వులపాలయ్యారు. చచ్చిపోయిన వాళ్లు నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. పేచీ ఎప్పుడున్నా బతికున్న వాళ్లతోనే.

అనుమానం మాత్రం నాకు పుట్టుకతో వచ్చింది. పాలు పోస్తుంటే కొలత చూస్తాను, కూరగాయలు తూస్తుంటే ముల్లు చూస్తాను. అనుమానం పెనుభూతం అంటారు కదా, మా ఇంట్లో ఉన్న భూతం అదొక్కటేనని మా ఆయన చుట్టాలందరికీ చెప్తుంటాడు. ఈ సంగతి జరిగి ఏడాది దాటింది. నాకున్న అనుమానమంతా దీని మీద ఖర్చు పెట్టి చూశాను. ఏమీ తేలలేదు. అందుకే రాస్తున్నాను. పేర్లు మార్చాను.

అప్పట్లో నేను బెంగళూరులోని ఒక కంపెనీకి ఇంటి నుంచి పని చేసేదాన్ని. ఆస్పత్రి ఖర్చుల కోసం జనం పెట్టుకునే ఇన్సూరెన్సు కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి పై వాళ్లకు పంపడం మా పని. మొదట్లో ఆఫీసుకే పోయేదాన్ని. మా ఆయనకు విడపనకల్లు దగ్గర గాలిమరల సైట్లో సూపర్‌వైజరుగా పని దొరికాక గుంతకల్లులో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆయన పొద్దున ఏడింటికి బైకెక్కితే రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవాడు. మధ్యలో ఇంట్లో నేను, నా లాప్‌టాప్.

ఇంటి నుంచి పని అంటే కాళ్లు చాపుకుని చేసేదని మా చుట్టాల నమ్మకం. మా ఆఫీసు చాట్‌లో ప్రతి పేరు పక్కన ఒక పచ్చ చుక్క ఉంటుంది. ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే అది పసుపుపచ్చ అవుతుంది. అయిన మరుక్షణం ఎవరో ఒకరు ఉన్నారా అని అడుగుతారు. కుడి చేత్తో అన్నం కలుపుతూ ఎడమ చేత్తో మౌస్ కదిలించడం నేను మూడేళ్లు చేశాను. స్నానానికి పోయినా ఫోను కిటికీలో పెట్టుకునే పోయాను. మా టీములో పదకొండు మంది ఉండేవాళ్లు. ఐదుగురు మానేశారు. వాళ్ల బదులు మనుషులు రాలేదు గానీ వాళ్ల పని మాత్రం తప్పకుండా మాకు వచ్చింది.

మా టీము లీడరు పేరు ప్రదీప్ అనుకుందాం. ముప్పై రెండేళ్లవాడు, ఒంగోలు వైపు మనిషి, బెంగళూరులో భార్యాబిడ్డలతో ఉంటాడు. గట్టిగా ఒక మాట అనడు. "శైలజ గారూ, ఒక చిన్న హెల్ప్" అంటాడు. చిన్న హెల్ప్ అంటే నలభై ఫైళ్లు. కాదంటే తిట్టడు. "సరేలెండి, నేను చేసుకుంటాను" అంటాడు. తిట్టినా ఇంత బాధ ఉండదు. ఆ మాట వినలేక దాదాపు ప్రతిసారీ నేను సరే అనేదాన్ని. మొహమాటానికి పోయి మునగడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఫిబ్రవరిలో నా ఎడమ చేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. డాక్టరు బీపీ చూశాడు, నమ్మకం లేక ఇంకోసారి చూశాడు, నీ వయసు ముప్పై ఆరేనా అని అడిగాడు. మాత్రలు రాసి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తప్పకుండా పడుకోవాలన్నాడు. ఈ తిమ్మిరి ముందుగా వచ్చే కబురని, వినకపోతే పక్షవాతం వస్తుందని, అప్పుడు తన దగ్గరికి వచ్చినా లాభం లేదని మొహమాటం లేకుండా చెప్పాడు. పక్షవాతం ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మా నాయన నాలుగేళ్లు మంచంలో ఉన్నాడు. చివరి ఏడాది నా పేరు పలకాలన్నా ఆయన నోరు తిరిగేది కాదు. ఆ భయం మనసులో పెట్టుకుని కూడా నేను మాత్రలు వేసుకున్నాను గానీ పడుకోలేదు.

మేము ఉన్న ఇల్లు రైల్వే క్వార్టర్స్ వెనక వీధిలో. ముందు భాగంలో మేము, వెనక భాగంలో ఇంటి ఓనరు మార్తమ్మవ్వ. డెబ్బై దాటిన మనిషి. ఆమె భర్త గూడ్సు బండ్ల గార్డుగా చేసి రిటైరై, పదేళ్లు హాయిగా బతికి పోయాడు. ఆదివారం చర్చికి పోవడం తప్ప ఆమె గడప దాటేది కాదు.

మార్చి మొదట్లో ఒక మంగళవారం, మధ్యాహ్నం రెండు దాటింది. ఆ వేళకు ఆ వీధిలో కుక్కలు కూడా తిరగవు. గేటు దగ్గర సైకిలు బెల్లు మోగింది. హెడ్‌ఫోను చెవిలోనే ఉంది, మీటింగు నడుస్తోంది. వాకిట్లోకి వచ్చి చూస్తే గేటు బయట ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. వెలిసిపోయిన ఖాకీ చొక్కా, భుజానికి గుడ్డ సంచి, ఒక చెవికి మాత్రమే పోగు.

"అమ్మా, కాల్" అన్నాడు.

కొరియరాయన అనుకున్నాను. గేటు మీద నుంచి పొడుగాటి రిజిస్టరు చాపాడు. అట్టకు దారంతో కట్టిన పెన్సిలు ముక్క ఉంది. నా చెవిలో అటు ఎవరో నన్నే ఏదో అడుగుతున్నారు. ఆయన వేలు పెట్టిన చోట చూడకుండా సంతకం గీకేసి లోపలికి వచ్చాను. పార్సిలు ఏదీ ఇవ్వలేదని కుర్చీలో కూర్చున్నాక గుర్తొచ్చింది. తిరిగి వెళ్లి చూస్తే వీధిలో ఎవరూ లేరు. ఇరవై నిమిషాలకు ప్రదీప్ ఫోన్ చేసి చిన్న హెల్ప్ అడిగాడు. ఆ రోజు కుర్చీలోంచి లేచేసరికి మా ఆయన వచ్చి అన్నం తినేసి పడుకున్నాడు.

చేతులు కడుక్కుంటుంటే బొటనవేలికీ చూపుడువేలికీ వంకాయ రంగు మరక కనిపించింది. సబ్బుతో పోలేదు. నీళ్లు తగిలే కొద్దీ ఇంకా ముదిరింది.

శుక్రవారం ఆయన మళ్లీ వచ్చాడు. అదే బెల్లు, అదే మాట. పార్సిలు ఏదని అడిగాను. రిజిస్టరు చాపాడు. అవతల క్లయింటు లైన్లో ఉన్నాడు, వాదించే తీరిక లేదు. సంతకం పెట్టాను. అరగంటలోపే ప్రదీప్ నుంచి ఇంకో కట్ట ఫైళ్లు వచ్చిపడ్డాయి.

నాలాంటి దానికి అనుమానం రావడానికి రెండుసార్లు చాలు. గోడ మీద క్యాలెండరులో ఆయన వచ్చిన రోజున చిన్న చుక్క పెట్టడం మొదలుపెట్టాను. మూడు వారాల్లో ఏడు చుక్కలు. ఏడుసార్లూ అరగంట తిరక్కముందే అదనపు పని వచ్చింది. ఆయన రాని రోజు మామూలు పనే ఉండేది. కాకతాళీయం అనే మాట నాకు తెలుసు, కానీ ఏడుసార్లా?

నాకు అప్పుడు తట్టింది ఒక్కటే. కంపెనీ నా మీద నిఘా పెట్టింది. ఇంటి నుంచి పని చేసేవాళ్ల చోటును ఎప్పుడైనా తనిఖీ చేయవచ్చని ఒక పాత మెయిల్లో ఉంది. నేను ఇంట్లో ఉన్నానని ఈ ముసలాయనతో సంతకం తీసుకుని, ఖాళీగా ఉందిలే అని పని తోస్తున్నారు. ఇంత చిన్న ఊళ్లో రిటైరైన మనిషిని చూసి పెట్టుకోవడం ఎంతసేపు? ప్రదీప్‌ను సూటిగా అడిగాను. అలాంటిదేమీ లేదన్నాడు. మా మీదే నమ్మకం లేదా అని నవ్వాడు. ఆ నవ్వు మీద కూడా నాకు అనుమానమే వచ్చింది.

మార్తమ్మవ్వ మీద కూడా వచ్చింది. నేను లోపల ఉన్నానని ఆయనకు చెప్పేది ఈమేనేమో అనుకున్నాను. రెండు రోజులు మధ్యాహ్నం పూట వెనక తలుపు కన్నంలోంచి చూశాను. ఆమె బైబిలు ముందు పెట్టుకుని కునుకు తీస్తోంది, అంతే.

ఎదురుగా బాషా అన్న జిరాక్సు షాపుకు కెమెరా ఉంది. ఇంట్లో దొంగతనం అయినట్టుందని ఒక అబద్ధం చెప్పి అది చూపించమన్నాను. దాంట్లో నేను ఉన్నాను. హెడ్‌ఫోనుతో గేటు దగ్గరికి రావడం, తల వంచడం, చెయ్యి కదలడం, మళ్లీ లోపలికి పోవడం అన్నీ కనిపించాయి. నా ఎదుట ఉండాల్సిన మనిషి మాత్రం కనిపించలేదు. అయితే ఆయన నిలబడే పక్కకు కెమెరాకు అడ్డంగా ఏదో ట్యూషన్ సెంటరు ఫ్లెక్సీ కట్టేశారు. గేటు అవతల ఏముందో దేవుడికే తెలియాలి. సైకిలు మీద ఎవరూ రాలేదక్కా, నేను ఈడ్నే కూర్చోనుండా అని బాషా అన్న గట్టిగా చెప్పాడు. ఆయన రోజంతా ఫోన్లో రీల్సు చూస్తాడు కాబట్టి ఆ సాక్ష్యాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో ఒకరోజు పొద్దున టీము మీటింగులో ఉన్నాను. కాఫీ గ్లాసు ఎడమ చేతిలోంచి జారి కింద పడింది. వేళ్లు విడిపోయినట్టు కూడా నాకు తెలియలేదు. నేను చెప్తున్న లెక్క చెప్తూనే ఉన్నాను గానీ మాటలు ముద్దముద్దగా వస్తున్నట్టు నాకే వినిపిస్తోంది. అవతల నుంచి ప్రదీప్ అన్నాడు.

"శైలజ గారూ, మీ వాయిస్ బ్రేక్ అవుతోంది. నెట్ ఒకసారి చూసుకోండి."

పోయేది నెట్ కాదు, నేను. ఆ మాట కూడా అనలేకపోయాను. రెండు మూడు నిమిషాల్లో నోరు సర్దుకుంది. వంటింట్లోకి పోయి నేల మీద కూర్చుని ఏడ్చాను. మా నాయన నోరు గుర్తొచ్చింది. ఇంత భయపడుతూ కూడా ఆ ఏడుపు మధ్యలో లేచి వచ్చి, చుక్క పసుపు కాకుండా మౌస్ కదిలించి వెళ్లాను. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

గ్లాసు పగిలిన శబ్దానికి మార్తమ్మవ్వ వచ్చింది. గాజు ముక్కలు ఏరుతూ నా చెయ్యి పట్టుకుని వేళ్లు వెలుతురులోకి తిప్పి చూసింది.

"ఈ మరక యాడిది పాపా? ఇది కాపీ పెన్సిలు మరక, తడి తగిల్తే ఊదా రంగు తేలేది. మా ఆయప్ప చేతికి ముప్పై ఏండ్లు ఉండె."

నేను అంతా చెప్పాను. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్నే వేసింది. పోగు ఏ చెవికి ఉందని అడిగింది. ఎడమ చెవికని చెప్పాను. ఆ తర్వాత చాలాసేపు గాజు ముక్కలు ఏరిన చోటే మళ్లీ ఏరింది.

ఫోన్లు లేని కాలంలో బండి మీదికి పోవాల్సిన డ్రైవర్లకూ గార్డులకూ ఇంటికొచ్చి కాల్, అంటే డ్యూటీ కబురు, చెప్పే మనిషి ఒకరు ఉండేవాడట. అరవై ఏళ్లొచ్చినా అతన్ని కాల్ బాయ్ అనే అనేవాళ్లట. బుక్కు అనే రిజిస్టరు తెస్తాడు, అందులో సంతకం పెడితే డ్యూటీకి ఒప్పుకున్నట్టే. ఇక జ్వరమొచ్చినా పోవాల్సిందే. ఆ పద్ధతి పోయి చాలా ఏళ్లయింది, ఇప్పుడు అందరికీ ఫోన్లోనే వస్తుంది అని చెప్పింది.

"రెస్ట్‌లో ఉన్న మనిషికి బుక్కు ఇయ్యకూడదు పాపా. అది రూలు. మా ఆయప్పకు కాదనే నోరు లేకుండె. నేనే వాకిలికి అడ్డం నిలబడి, రెస్ట్‌లో ఉండాడు పో అని చెప్తాంటి. అట్ల కాపాడుకుంటి." అని, నా వైపు చూసి అడిగింది. "మీ కంపెనీలో రెస్ట్ అనే మాట ఉండాదా?"

సెలవులు ఉన్నాయన్నాను. నలభై రోజులు పైగా వాడకుండా పడి ఉన్నాయని కూడా చెప్పాను.

"సెలవు కాదు. రెస్ట్. డ్యూటీ దిగినాక ఇచ్చేది."



ఈసారి ఆయన వస్తే రెస్ట్‌లో ఉన్నానని ఒక్క మాట చెప్పి తలుపేసుకోమంది. అంతకు మించి మాట్లాడొద్దంది. అన్నిటికంటే ముఖ్యంగా ఎవరి పేరూ చెప్పొద్దంది. ఎందుకంటే, ఒక మనిషి రెస్ట్‌లో ఉంటే బండి ఆగిపోదు, జాబితాలో ఉన్న ఇంకో మనిషికి పోతుంది కాల్. ఎవరికి పోవాలో చూసుకునేది వాళ్లు. ఫలానా ఆయప్ప ఇంట్లోనే ఉండాడు, ఆడికి పో అని వాకిట్లో నిలబడి పేరు తీయడం మాత్రం వాళ్ల క్వార్టర్స్ లైనులో అన్నిటికంటే పెద్ద తప్పు. అలా అన్న ఆడవాళ్లతో మిగతా వాళ్లు ఏళ్ల తరబడి మాట్లాడేవాళ్లు కాదట. నువ్వెప్పుడైనా పేరు చెప్పినావా అవ్వా అని అడిగాను. ఆమె గాజు ముక్కలు చాటలో పోసుకుని వెళ్లిపోయింది.

ఇంత విన్నాక కూడా ఆయన్ను నేను దయ్యం అనుకోలేదు. బుర్ర సరిగా లేని రిటైరైన కాల్ బాయ్ ఎవరో పాత రిజిస్టరు పట్టుకుని తిరుగుతున్నాడని తేల్చుకున్నాను. ఇప్పటికీ పగలు ఆలోచిస్తే అదే సరైన మాట అనిపిస్తుంది. ఆ కాలం వాళ్లు ఎవరూ మిగల్లేదని మార్తమ్మవ్వ అంటుంది. ఆమెకు తెలియని వాళ్లు ఉండకూడదా?

మరుసటి రోజు ఫోన్ చేసి, రెండు నుంచి నాలుగు దాకా నేను ఉండనని ప్రదీప్‌కు చెప్పాను. డాక్టరు చెప్పింది చెప్పాను. అయ్యో, తప్పకుండా పడుకోండి అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. నెలాఖరు పని మిగిలిందని, అది మాత్రం ఎలాగో ఏమో అని చివర్లో ఒక మాట వదిలాడు. రెండు రోజులు పడుకున్నాను గానీ ఆ మాట వల్ల నిద్ర రాలేదు. కళ్లు మూసుకుని ప్రదీప్ మీద పళ్లు నూరుకుంటూ ఉండిపోయాను.

మూడో రోజు గురువారం. రెండుంపావు దాటాక బెల్లు మోగింది. తల దిమ్మెక్కి ఉంది, ఒళ్లంతా కోపంగా ఉంది. హెడ్‌ఫోను లేకుండా ఆయన ముందుకు పోవడం అదే మొదటిసారి. ఎండ నెత్తిన కొడుతున్నా ఆయన చొక్కాకు చెమట లేదు. అది అప్పుడు గమనించానో, తర్వాత నేనే చేర్చుకున్నానో ఖచ్చితంగా చెప్పలేను.

"అమ్మా, కాల్."

"నేను రెస్ట్‌లో ఉండా" అన్నాను.

రిజిస్టరు వెనక్కి తీసుకున్నాడు. నా ముఖం వైపు చూశాడు. "డ్యూటీ ఎప్పుడు దిగినావు తల్లీ?" అని అడిగాడు.

నేను లెక్క వేసుకున్నాను. నిజంగానే వేసుకున్నాను. నిన్నా? పోయిన ఆదివారమా? ఆదివారం కూడా మెయిళ్లు చూశాను. నాయన కర్మ రోజున కూడా చెట్టు కింద కూర్చుని ఫోన్లో జవాబులు ఇచ్చాను. దిగిన రోజు నాకు గుర్తు రాలేదు. తలుపు వేసుకోవాల్సింది అప్పుడే. ఆయన పెన్సిలు మొన నాలుక మీద తడుపుకుని ఎదురు చూస్తున్నాడు.

"బండికి మనిషి కావల్ల. ఎవురికియ్యాల మరి?"

నా నోరు మంచిది కాదని మా అమ్మ ఎప్పుడూ అంటుంది.

"మా ప్రదీప్‌కు ఇయ్యి పో. పని పుట్టించేదే ఆ మనిషి" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. ఊరు అడగలేదు, ఇల్లు అడగలేదు. రిజిస్టరు సంచిలో పెట్టుకుని సైకిలెక్కాడు. నేను లోపలికి వచ్చి లాప్‌టాప్ మూసి పడుకున్నాను. గడియారం చూశాను, రెండు ఇరవై. అప్పుడు వచ్చిన నిద్ర నాకు ఏళ్లుగా రాలేదు. లేచేసరికి ఐదున్నర. ఫోన్లో ఒక్క మెసేజీ లేదు. ఎవరూ ఉన్నారా అని అడగలేదు. ముందు హాయిగా అనిపించింది. కాఫీ కలుపుతుంటే అనుమానం మొదలైంది. మూడు గంటలు మా వాళ్లు నన్ను ఎలా వదిలేశారు?

ఏడింటికి గ్రూపులో వార్త వచ్చింది. ప్రదీప్ ఇంట్లో పని చేస్తూ కుర్చీలోంచి పడిపోయాడు. మూడింటికి భార్య చూసింది. ఆస్పత్రిలో ఉన్నాడు, ఎడమ వైపు చెయ్యీ కాలూ పని చేయడం లేదు. ఆ మెసేజీ కిందే ఇంకో మెసేజీ ఉంది. ప్రదీప్ చూసే ఫైళ్లను మిగతా ఐదుగురికీ పంచిన జాబితా అది. మొదటి పేరు నాది.

మార్తమ్మవ్వ ఆ సాయంత్రం వచ్చి గడపలో నిలబడింది. "పేరు చెప్పినావా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె నా వేళ్ల వైపు ఒకసారి చూసి వెనక్కి తిరిగి పోయింది.

ఆ రాత్రే మా ఆయనకు చెప్పాను, పేరు సంగతి ఒక్కటి దాచి. ఆయన నన్ను మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నెలల తరబడి నిద్ర లేని వాళ్లకు లేని మనుషులు కనిపించడం, వినిపించడం కొత్త కాదని డాక్టరు అన్నాడు. మరక ఏ రబ్బరు స్టాంపు సిరాదో అయి ఉంటుందన్నాడు. మా ఇంట్లో రబ్బరు స్టాంపు లేదు. ఆయనతో వాదించలేదు. మే నెలలో ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు ఇక్కడే ఒక స్కూల్లో ఆఫీసు పని చేస్తున్నాను. నాలుగింటికి గంట కొడతారు, అందరం ఇళ్లకు పోతాం. వేళ్ల తిమ్మిరి తగ్గింది. మానేసిన నాటి నుంచి ఆ సైకిలు బెల్లు వినలేదు. మానేశాను కాబట్టి రాలేదా, నిద్ర వస్తోంది కాబట్టి కనిపించలేదా అంటే రెండూ సరిపోయేటట్టే ఉన్నాయి.

ఆగస్టులో ప్రదీప్ ఫోన్ చేశాడు. మాట నెమ్మదిగా వస్తోంది గానీ తెలుస్తోంది. కర్ర సాయంతో నడుస్తున్నానని, ఎడమ చెయ్యి ఇంకా లేవడం లేదని చెప్పాడు. మీరు ముందే మానేసి మంచి పని చేశారన్నాడు. నేను ఏమీ అడగలేదు. ఒట్టు, నేను అడగలేదు. తనే నవ్వుతూ చెప్పాడు.

ఆ రోజు మధ్యాహ్నం క్లయింటుతో మాట్లాడుతుంటే ఎవరో బెల్లు కొట్టారట. తలుపు తీస్తే ఒక పెద్దాయన పుస్తకం చాపాడట. కొరియర్ అనుకుని సంతకం పెట్టాడట. ఆ తర్వాత గంటలో జరిగింది తనకు గుర్తు లేదు. పార్సిలు ఎవరు కాజేశారోనని వాళ్ల ఆవిడ తర్వాత కింద సెక్యూరిటీ వాళ్లను నిలదీసిందట. వాళ్ల అపార్ట్‌మెంటులో ఫోన్లో పర్మిషను ఇస్తేనే ఎవరినైనా పైకి వదులుతారు. ఆ మధ్యాహ్నం వాళ్ల ఫ్లాటుకు ఎవరూ రాలేదని రికార్డులో ఉంది.

"ఇంకో తమాషా చెప్పనా శైలజ గారూ? ఆస్పత్రిలో నర్సు నా వేలు చూసి, ఎక్కడ ఓటేశారు సార్, ఇప్పుడు ఎలక్షన్లు లేవే అంది. వంకాయ రంగు మరక. వారం రోజులు పోలేదు."

వాళ్లకు ఐదేళ్ల పాప ఉంది. ఇంటి నిండా స్కెచ్ పెన్నులు ఉంటాయి. ఆ మరక వాటిదేనని నాకు నేను చెప్పుకుంటాను. కొరియరాయన ఎవరో నిజంగానే వచ్చి ఉంటాడు, సెక్యూరిటీ వాళ్లు రాయడం మరిచిపోయి ఉంటారు. ఆ బెల్లు ఎన్నింటికి మోగిందని మాత్రం ఉండబట్టలేక అడిగాను. రెండున్నర దాటి ఉంటుందన్నాడు. గుంతకల్లు నుంచి బెంగళూరుకు రైలుకే ఐదారు గంటలు పడుతుంది. సైకిలు సంగతి ఏం చెప్పను?

ఫోను పెట్టేసే ముందు ప్రదీప్ ఒక మాట అడిగాడు. మా ఇంటికి అలాంటి మనిషిని కంపెనీ పంపిందా అని ఒకప్పుడు నేను తనను అడిగిన సంగతి గుర్తొచ్చిందట. ఆ మనిషి ఎవరో తర్వాత తెలిసిందా అన్నాడు. తెలియలేదన్నాను. అంతవరకు నిజమే.

అది ఎవరో, ఏమిటో ఈ రోజుకూ నాకు తెలియదు. నిద్ర లేని నా కళ్లు కల్పించింది అని మీరంటే కాదనడానికి నా దగ్గర గట్టి సాక్ష్యం ఏదీ లేదు. ఉన్నదల్లా ఏడు చుక్కలున్న పాత క్యాలెండరు. నేను నోరు జారకపోయినా ప్రదీప్ ఆ రోజు పడిపోయేవాడేమో. నాకంటే తనే ఎక్కువ పని చేసేవాడని ఇప్పుడు తెలుసు. నేను కాదన్న ప్రతి ఫైలూ తనే చేసుకునేవాడు.

ఇందులో తన అసలు పేరు రాయలేదు. ఈ జాగ్రత్త ఆ గురువారం గేటు దగ్గర ఉండాల్సింది. పేరు మార్చినా ఇది చదివితే ఎవరి సంగతో తనకు తెలిసిపోతుంది. తెలియాలనే రాశాను.